నిర్బంధంలో విశ్వాసం, సంశయం: గ్రేహం గ్రీన్ ‘ద పవర్ అండ్ ద గ్లోరీ’ నవలా పరిశీలన

ఈ పాఠం మొదలుపెట్టే ముందు మీరు ఇదివరకు చదివిన ఒక డిటెక్టివ్ నవలనో, థ్రిల్లర్‌నో గుర్తుచేసుకోండి. కథానాయకుడు శత్రువుల చేతికి చిక్కి ఒక గదిలో బందీ అవుతాడు. అక్కడ మీ చేత పేజీ తిప్పించేది ఒకే ప్రశ్న: ఇతను బయటపడతాడా, లేదా? అదే కథను క్రైస్తవ విశ్వాసం నేపథ్యంగా రాస్తే దాని పక్కన రెండో ప్రశ్న చేరుతుంది: ఇతను తన విశ్వాసాన్ని నిలుపుకుంటాడా, వదులుకుంటాడా? క్రైస్తవ థ్రిల్లర్లు చాలావరకు ఈ రెండు ప్రశ్నల మీదే నడుస్తాయి. సాధారణంగా రెండింటికీ జవాబు ఒకేసారి దొరుకుతుంది. ప్రార్థన ఫలిస్తుంది, తలుపు తెరుచుకుంటుంది.

ఇంగ్లీషు రచయిత గ్రేహం గ్రీన్ 1940లో ప్రచురించిన ‘ద పవర్ అండ్ ద గ్లోరీ’ నవలలో కూడా తలుపు తెరుచుకుంటుంది. కానీ అది ప్రార్థన వల్ల కాదు. తెరిపించినవాడు భక్తుడూ కాదు. ఈ నవలను నేను చాలా ఏళ్లు ఎం.ఏ. తరగతులకు బోధించాను. నా పాత నోట్సులో ఈ పాఠం శీర్షిక కింద ‘సంశయంపై విశ్వాస విజయం’ అని రాసుకున్నాను. పరీక్షలో విద్యార్థులు ఆ మాటనే తిరిగి నాకు అప్పజెప్పేవారు, నేను మార్కులు వేసేవాణ్ణి. ఆ శీర్షిక తప్పని ఇప్పుడు నా అభిప్రాయం. ఎందుకు తప్పో ఈ పాఠంలో మీతో చర్చిస్తాను. నాతో మీరు ఏకీభవించాలన్న నియమం లేదు.

ముందుగా కొద్దిపాటి నేపథ్యం. 1904లో జన్మించిన గ్రీన్ 1926లో కాథలిక్ మతం స్వీకరించాడు. అదే ఏడాది మెక్సికోలో అధ్యక్షుడు ప్లుటార్కో ఎలియాస్ కాయెస్ ప్రభుత్వం చర్చి మీద కఠినమైన చట్టాలు అమలు చేయడం, దానికి వ్యతిరేకంగా గ్రామీణులు తిరుగుబాటు చేయడం మొదలైంది. మూడేళ్లు సాగిన ఆ పోరును క్రిస్తేరో యుద్ధం అంటారు. దేశమంతటా కంటే దక్షిణాన ఉన్న టబాస్కో రాష్ట్రంలో నిర్బంధం తీవ్రంగా ఉండేది. అక్కడి నాయకుడు టోమాస్ గారిదో కనబాల్ చర్చీలను మూయించాడు, మద్యాన్ని నిషేధించాడు, కాథలిక్ గురువులు పెళ్లి చేసుకుంటేనే ఉండనిస్తానన్నాడు. గ్రీన్ 1938లో మెక్సికో వెళ్లి టబాస్కో, చియాపస్ ప్రాంతాల్లో తిరిగాడు. ఆ ప్రయాణాన్ని 1939లో ‘ద లాలెస్ రోడ్స్’ అనే యాత్రా గ్రంథంగా రాశాడు. తాగిన మత్తులో ఒక మగబిడ్డకు బ్రిజిట్టా అని ఆడపేరు పెట్టిన గురువు గురించి అతనికి అక్కడే తెలిసింది. నవల విత్తనం ఆ సంగతిలోనే ఉంది. ప్రభు ప్రార్థన చివర వచ్చే ‘బలము, మహిమ’ అనే మాటలే నవలకు పేరు అయ్యాయి. ఇంతటి మహిమగల పేరు పెట్టుకున్న పుస్తకంలో నాయకుడు తాగుబోతు.

గ్రీన్ తన రచనలను రెండు రకాలుగా విభజించుకునేవాడని మీరు గుర్తుంచుకోవాలి. గంభీరమైనవి నవలలు, థ్రిల్లర్లు ‘ఎంటర్‌టైన్‌మెంట్లు’. ఈ నవల రాస్తున్న రోజుల్లోనే, డబ్బు అవసరమై, ఉదయం పూట ‘ద కాన్ఫిడెన్షియల్ ఏజెంట్’ అనే థ్రిల్లర్‌ను మాత్రలు మింగుతూ ఆరు వారాల్లో పూర్తిచేశాడు. మధ్యాహ్నాలు దీనికి కేటాయించాడు. అందుకే కాబోలు, మధ్యాహ్నపు పుస్తకంలోకి ఉదయపు పుస్తకం ఎముకలు వచ్చి చేరాయి. వెంటాడే పోలీసు, తలపై ఏడు వందల పెసోల వెల, పట్టివ్వడానికి వెన్నంటి తిరిగే ద్రోహి, సరిహద్దు, ఉచ్చు, అన్నీ ఉన్నాయి. పోలీస్ స్టేషన్ గోడ మీద పక్కపక్కనే రెండు ఫోటోలు ఉంటాయి. ఒకటి బ్యాంకులు దోచిన అమెరికన్ హంతకుడిది. రెండోది ఏదో విందులో తెల్లబట్టల అమ్మాయిల మధ్య కూర్చున్న లావుపాటి గురువుది. పోలీసు లెఫ్టినెంట్‌కు రెండోవాడే ఎక్కువ ప్రమాదకారి.

కాథలిక్ ఆచారం తెలియని పాఠకుల కోసం ఒక మాట. గురువు అంటే ఇక్కడ చర్చి ఫాదర్. దివ్యబలిపూజ చేయడం, విశ్వాసులు చెప్పుకునే పాపసంకీర్తనం విని క్షమాపణ ప్రకటించడం ఆయనకు మాత్రమే ఉన్న అధికారాలు. ఆయన వ్యక్తిగా ఎంత చెడ్డవాడైనా ఆ అధికారం పోదని చర్చి బోధ. నవల మొత్తం ఈ కీలు మీద తిరుగుతుంది. పేరు కూడా చెప్పని మన గురువు బ్రాందీ తాగుతాడు. మరియా అనే స్త్రీ ద్వారా ఆయనకు ఒక కూతురు ఉంది. తోటి గురువులు కొందరు పారిపోయారు, కొందరు కాల్చివేతకు గురయ్యారు, పాద్రే హోసే అనే ఆయన పెళ్లి చేసుకుని ప్రభుత్వ పెన్షన్ తింటున్నాడు. ఈయన ఒక్కడే మిగిలాడు. ఆయనను దాచారన్న అనుమానంతో లెఫ్టినెంట్ ఊరికొకరిని తాకట్టుగా పట్టుకుపోయి కాల్పిస్తున్నాడు. కాబట్టి ఆయన ఉండటం వల్ల ప్రజలు చనిపోతున్నారు. వెళ్లిపోతే వారికి పూజ చేసేవాడే ఉండడు. ఈ చిక్కుముడి విప్పే శక్తి ఆయనకు లేదు.

ఇక మన పాఠానికి కేంద్రమైన జైలు రాత్రికి వద్దాం. పూజకు ద్రాక్షరసం కావాలి. నిషేధం ఉన్న రాష్ట్రంలో దాన్ని దొంగతనంగా కొనాలి. కొన్న రసాన్ని అమ్మినవాళ్లే మర్యాద పేరుతో ఆయన ఎదుటే తాగేస్తారు. చేతిలో బ్రాందీ సీసా మాత్రం మిగులుతుంది. దానితో దొరికి, జరిమానా కట్టే డబ్బు లేక, రాత్రికి జైలు పాలవుతాడు. గురువుగా కాదు, సారా కేసులో మామూలు ఖైదీగా. థ్రిల్లర్ రచయితగా గ్రీన్ ఇక్కడ వేసిన ఎత్తు చూడండి. వేటాడుతున్నవాడి ఇంట్లోనే వేట నిద్రపోతున్నది. ఆ సంగతి మనకు తెలుసు, లెఫ్టినెంట్‌కు తెలియదు.

గది కిక్కిరిసి ఉంది. చీకటి ఎంతగా ఉందంటే పక్కవాడి ముఖం కనబడదు. కాలు చాపడానికి చోటు లేదు. మూలన మలమూత్రాల బకెట్. ఎక్కడో ఒక జంట ఆ చీకటిలోనే కలుసుకుంటున్న చప్పుడు. ఇంట్లో భక్తి పుస్తకాలు దొరికినందుకు పట్టుబడిన ఒక భక్తురాలు కూడా అక్కడే ఉంది. మాటల్లో గురువు తానెవరో చెప్పేస్తాడు. తన తలపై వెల ఉందని కూడా చెబుతాడు. పొద్దున వార్డర్ వచ్చినప్పుడు ఒక్క మాట అంటే చాలు, ఈ దొంగల్లో, తాగుబోతుల్లో ఎవరికైనా ఏడు వందల పెసోలు వస్తాయి. ఉత్కంఠ ఇప్పుడు పతాకస్థాయిలో ఉండాలి. కానీ గ్రీన్ ఇక్కడ ఉత్కంఠను పెంచడు, దించేస్తాడు. రహస్యం పోయాక ఆయనకు భయం కూడా పోతుంది. మంచి రోజుల్లో జనం తన చేతి తొడుగును ముద్దాడినప్పుడు కలగని స్నేహభావం ఈ దుర్గంధంలో కలుగుతుంది.

ఆ భక్తురాలితో ఆయన సంభాషణను మీరు మూలంలో రెండుసార్లు చదవాలని నా సలహా. ఆమె ఆయనను వేదసాక్షి అనుకుంటుంది, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చే పునీతుడు. ఆయన కాదంటాడు, తాను చెడ్డ గురువునని, తాగుతానని, బిడ్డ ఉందని చెబుతాడు. ఆమె పాపసంకీర్తనం వినమంటుంది. ఆమెకు తన పాపాల మీద పశ్చాత్తాపం లేదని గ్రహించి, ఆ మాటే ఆమెతో అంటాడు. జంట చప్పుడుకు ఆమె అసహ్యించుకుంటుంది, ఆపమని వారికి చెప్పమంటుంది. ఆయన వారి మీద జాలి పడతాడు, అందులో కూడా ఏదో అందం ఉండవచ్చునంటాడు. చివరికి బిషప్‌కు ఫిర్యాదు చేస్తానని ఆమె బెదిరిస్తుంది. మరణశిక్ష తలపై ఉన్న మనిషిని బిషప్ పేరు చెప్పి బెదిరించడంలోని హాస్యాన్ని గ్రీన్ వ్యాఖ్యానం లేకుండా వదిలేశాడు. ఇక్కడ నిర్బంధం పరీక్షించింది ఎవరిని? ఆ గదిలో విశ్వాసం దృఢంగా ఉన్నది ఆమెదే. ఒక్క సంశయం కూడా లేదు. అయినా మనుషుల పట్ల నమ్మకం చూపింది ఆయనే. ముఖం కనబడని ఆమెను చూస్తున్నట్టు ఊహించుకుని, మనిషిని దగ్గరగా ఊహించగలిగితే ద్వేషించడం కుదరదన్న ఆలోచనకు వస్తాడు. ఆమెను కూడా ద్వేషించలేకపోతాడు.

ఒక ఆదివారం కాంటాక్ట్ తరగతిలో జైలు శాఖలో పనిచేసే ఒక విద్యార్థి చేసిన వ్యాఖ్య ఇక్కడ చెప్పాలి. నేను చీకటి ప్రతీకాత్మకత గురించి అరగంట మాట్లాడాక అతను లేచి, ‘సార్, అసలు సంగతి బకెట్. మనిషికి మర్యాద పోయేది తాళం పడినప్పుడు కాదు, పొద్దున బకెట్ మోసినప్పుడు’ అన్నాడు. ఇంటికి వెళ్లి ఆ పుటలు మళ్లీ చదివాను. నిజమే. తెల్లవారి ఎవ్వరూ ఆయనను పట్టివ్వరు. గదులు తిరిగి బకెట్లు ఖాళీ చేసే పని ఆయనకు పడుతుంది. ఒక గదిలో, పోలీసుల అతిథిగా తిని పడుకుంటున్న ద్రోహి, కోరపళ్ల మనిషి, కనిపిస్తాడు. అతను గుర్తుపడతాడు. కానీ జైల్లో ఉన్నవాణ్ణి పట్టిస్తే బహుమతి తనకు దక్కదని లెక్కవేసి ఊరుకుంటాడు. ఆ తర్వాత లెఫ్టినెంట్ ముందు నిలబెడతారు. పనికి పోలేని ముసలివాడనుకుని లెఫ్టినెంట్ జేబులోంచి అయిదు పెసోల నాణెం తీసి ఇస్తాడు. అది ఒక పూజకు చెల్లించే రుసుము. నువ్వు మంచివాడివి అని గురువు ఆశ్చర్యంగా అంటాడు. ఆ మాటలో వ్యంగ్యం లేదు. తలుపు తెరుచుకుందని నేను మొదట్లో అన్నది ఇదే. తెరిపించింది నాస్తికుడి దయ.

మీరు గమనించారో లేదో, ఈ మొత్తం ఘట్టంలో దేవుడున్నాడా అన్న సందేహం గురువుకు రాలేదు. నవల మొత్తంలోనూ రాదు. ఆయన సంశయమంతా తన మీదే. తాను నిలిచింది భక్తితోనా, గర్వంతోనా? అందరూ పారిపోయినా నేనున్నానన్న అహంకారమే తనను ఇక్కడ కట్టిపడేసిందా? నా పాత నోట్సులో నేను పొరబడింది ఈ దగ్గరే. సంశయం ఒక పక్క, విశ్వాసం ఒక పక్క నిలిచి కుస్తీ పట్టాయని రాశాను. నిజానికి ఆయన మీద ఆయనకున్న సంశయమే ఇతరుల పట్ల ఆయనను మెత్తబరిచింది. అది ఓడిపోయి ఉంటే ఆ భక్తురాలికి ఆయన మరో ప్రతి అయ్యేవాడు.

ఇది నా ఊహ కాదు, గ్రీన్ రుజువు చూపాడు. సరిహద్దు దాటి పక్క రాష్ట్రంలో లేర్ అనే జర్మన్ మూలాల లూథరన్ అన్నాచెల్లెళ్ల ఇంట్లో గురువు సురక్షితంగా ఉన్న అధ్యాయం చూడండి. శుభ్రమైన పరుపు, వేళకు భోజనం. అక్కడి జనం జ్ఞానస్నానాలకు రుసుము గురించి అడిగితే ఆయన బేరమాడతాడు. గొంతులో పాత అధికారం తిరిగి వస్తుంది. మనం గోడ మీద ఫోటోలో చూసిన లావుపాటి మనిషి మెల్లగా లేచి కూర్చుంటాడు. జైలు చేయలేని హాని స్వేచ్ఛ మూడు నాలుగు రోజుల్లో చేస్తుంది. అంతలో ద్రోహి వచ్చి, గాయపడిన అమెరికన్ హంతకుడు చావబోతూ గురువును పిలుస్తున్నాడని చెబుతాడు. అది ఉచ్చని గురువుకు తెలుసు. అయినా వెళతాడు. ఇది వీరత్వమని నేనిప్పుడు చెప్పను. ఆ ఇంట్లో తానేమైపోతున్నాడో చూసుకున్న మనిషికి అదొక ఉపశమనం కూడా.

రెండో నిర్బంధం మొదటిదానికి పూర్తిగా వేరు. ఈసారి ఒంటరి గది. శత్రువుగా మొదలైన లెఫ్టినెంట్ చివరికి ఆయన కోసం నియమం తప్పుతాడు. పాపసంకీర్తనం వినమని పాద్రే హోసేను అడగడానికి స్వయంగా వెళతాడు. భార్యకు భయపడి హోసే రానంటాడు. లెఫ్టినెంట్ బ్రాందీ మాత్రం తెచ్చి ఇస్తాడు. ఆ రాత్రి గురువు తన పాపాలు తానే చెప్పుకోబోతాడు, అవి పొడిగా, జాబితాలా వస్తాయి. ప్రార్థిస్తే కూతురే గుర్తొస్తుంది. ప్రతి ఆత్మ పట్ల ఉండవలసిన ప్రేమ ఒక్క బిడ్డ మీదే పోగుపడిందని బాధపడతాడు. తెల్లవారుజామున ఆయనను పట్టుకున్నది నరకభయం కాదు, నిరాశ. ఖాళీ చేతులతో పోతున్నానన్న నిరాశ. అదే మనిషి, అదే దేవుడు, అదే ఊరి జైలు. కిక్కిరిసిన గదిలో దొరికిన శాంతి ఒంటరి గదిలో దొరకలేదు. గోడలను మాత్రమే లెక్కపెట్టే పాఠకుడికి ఈ తేడా అందదు. ఆయన విశ్వాసం పనిచేయడానికి పక్కన ఇంకో మనిషి కావాలి. ఎదుట ఎవరూ లేనప్పుడు అది ఆయనకు కూడా కనబడదు.

తెలుగు పాఠకులకు ఇక్కడ గోల్కొండ గుర్తుకు రాక మానదు. పన్ను సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి తానీషా చెరలో మగ్గిన కంచర్ల గోపన్న రాముణ్ణి నిందిస్తాడు, చేయించిన నగల లెక్కలు అడుగుతాడు. మన భక్తి సంప్రదాయంలో ఆ నిష్ఠూరం సంశయం కాదు, చనువు. పైగా ఐతిహ్యంలో రామలక్ష్మణులు స్వయంగా వచ్చి అప్పు తీర్చి రసీదు పుచ్చుకుంటారు. గ్రీన్ గురువుకు దేవుడితో ఆ చనువు లేదు, ఎదురు ప్రశ్న వేయడు. రసీదు ఇచ్చేవారూ రారు. వచ్చింది బ్రాందీ సీసాతో ఒక పోలీసు. ఈ పోలికను ఇంతకంటే సాగదీయవద్దు. రెండు భక్తులకూ నేల వేరు.

దీనికి నిజమైన దగ్గరి చుట్టం జపాన్ రచయిత షూసాకు ఎండో 1966లో రాసిన ‘సైలెన్స్’. పదిహేడో శతాబ్దపు జపాన్‌లో పట్టుబడిన పోర్చుగీసు గురువు రోడ్రిగ్స్ రాత్రి తన గదిలో కాపలావాడి గురక వింటున్నానని చిరాకుపడతాడు. అది గురక కాదు, గోతిలో తలకిందులుగా వేలాడదీసిన రైతుల మూలుగు. క్రీస్తు ప్రతిమను తొక్కితే వారిని వదిలేస్తారు. గ్రీన్ గదిలో పక్క మనుషులు గురువును కాపాడారు. ఎండో గదిలో పక్క మనుషులను కాపాడాలంటే గురువు విశ్వాసాన్నే ఇవ్వాలి. ప్రశ్నను అంతదూరం లాగే ధైర్యం ఎండోకు ఉంది. ఆ ఒక్క విషయంలో ‘సైలెన్స్’ పెద్ద నవల అని నా నమ్మకం.

గ్రీన్ లోపాలు కూడా చెప్పుకోవాలి. ద్రోహి పాత్రకు పేరు లేదు, జాతి పేరే పేరు. రక్తం కలిసినవాడు కాబట్టి నమ్మకద్రోహి అన్న వలసకాలపు వాసన ఆ పాత్రకు అంటుకుని ఉంది. ఆదివాసులు కొండలలాగా నేపథ్యంలో నిలబడతారు, చనిపోయిన బిడ్డను మోసుకుంటూ శిలువల దగ్గరికి నడిచే ఆ తల్లితో సహా. మరియా, బ్రిజిట్టాలకు ఆయన పాపానికి సాక్ష్యం చెప్పడం తప్ప కథలో చోటు తక్కువ. ఇక ముగింపు. కాల్చివేతను గ్రీన్ నేరుగా చూపడు. పోలీసు అధికారి పన్నుకు వైద్యం చేస్తూ కిటికీలోంచి చూసిన డెంటిస్ట్ టెంచ్ కళ్లతో చూపుతాడు. వేదసాక్షుల కథల్లో నాయకులు చేతులు చాచి నినాదమిచ్చి ప్రాణమిస్తారు. ఈయనను గోడ దాకా నడిపించడానికి పట్టుకోవలసి వచ్చింది. అంత నిజాయితీగా రాసిన వెంటనే, ఆ రాత్రే ఇంకో కొత్త గురువు తలుపు తట్టడం నాకు మింగుడుపడదు. థ్రిల్లర్ రచయిత చివరి పుటలో అలవాటు మానలేకపోయాడు.

చర్చి అధికారులకు మింగుడుపడనిది వేరే. 1953లో వాటికన్‌లోని హోలీ ఆఫీస్ ఈ నవల మీద అభ్యంతరం తెలిపింది. గ్రీన్ మార్చలేదు. 1965లో పోప్ ఆరవ పౌలు ఆయనతో మాట్లాడుతూ, మీ పుస్తకాల్లో కొన్ని భాగాలు కొందరు కాథలిక్కులను ఎప్పుడూ నొప్పిస్తూనే ఉంటాయి, పట్టించుకోవద్దు అన్న అర్థంలో చెప్పారు. ఈ మధ్యలో హాలీవుడ్ చేసిన పని చూడండి. 1947లో జాన్ ఫోర్డ్ తీసిన ‘ద ఫ్యుజిటివ్’ సినిమాలో గురువు పాపాలన్నీ తుడిచేసి, బిడ్డను లెఫ్టినెంట్ ఖాతాలో వేశారు. నిష్కళంకుడైన గురువు, దుర్మార్గుడైన పోలీసు. వేట ఉంది, చెర ఉంది, మరణం ఉంది. మా విద్యార్థి చెప్పిన బకెట్‌కు మాత్రం అందులో అర్థం మిగల్లేదు.

అభ్యాసం కోసం ఒక ప్రశ్న ఇస్తున్నాను. జవాబు రెండు పుటలు మించకుండా రాయండి, మూలంలోని జైలు అధ్యాయం చదివాకే రాయండి. లెఫ్టినెంట్ ఇచ్చిన అయిదు పెసోల నాణేన్ని గురువు తీసుకోవడం సరైనదేనా? ఆ నాణెం ఇచ్చిన చేయి అమాయకులను కాల్పించిన చేయి అన్నది మరచిపోకుండా రాయండి.